కలిపితే చాలదు, కాడి కట్టాలి

మా ఊరి బడి వెనుక ఒక వేపచెట్టు ఉన్నది. నేను ప్రధానోపాధ్యాయుడుగా విరమించి కొన్నేళ్ళయినా, సాయంత్రంపూట ఆ చెట్టు క్రింద కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. బడి విడవగానే పిల్లలు సంచులు గట్టు మీద పడవేసి నా చుట్టూ చేరుతారు. ఏదో ఒకటి అడుగుతారు.

మొన్నొకనాడు ఎనిమిదవ తరగతి చదివే ఒక పిల్ల ఇలా అడిగింది: "సార్, మా తమ్మునికి తొమ్మిది నెలలు. హైదరాబాదులో మా చిన్నమ్మ వాడికి టైఫాయిడ్ సూది ఏయించింది. ఆ మందు డబ్బా మీద 'కాంజుగేట్' అని రాసి ఉన్నది. అంటే ఏంది సార్?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మాట తెలియక కాదు. తొమ్మిది నెలల పిల్లవాడికి టైఫాయిడ్ సూది అనగానే నాకు మరొక చంటిపిల్ల గుర్తుకు వచ్చింది. పిల్లలూ, ఆ సంగతి మీకు ముందుగా చెబుతాను.

అది 1999 ఎండాకాలం. నేను అప్పుడు నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఆ ప్రాంతం వాళ్ళూ, ప్రక్కనున్న పాలమూరు వాళ్ళూ పంటలు లేని కాలంలో మట్టిపనికి బొంబాయి, పూనా దాకా వలసపోయేవారు. ఆరవ తరగతిలో నాకొక శిష్యుడు ఉండేవాడు. లెక్కల్లో చురుకు. అమ్మానాన్నలు పనికి పోతే నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేవాడు. సెలవులివ్వగానే తల్లిని చూడాలని ఆ పని జరిగే చోటికి పోయాడు. అక్కడ డేరాల ప్రక్కన గుంటలో నీళ్ళే అందరికీ ఆధారం. తిరిగి వచ్చేటప్పటికే జ్వరం. మొదట కొద్దిగా, మర్నాడు కాస్త ఎక్కువ, ఆ మర్నాడు ఇంకా ఎక్కువ, ఇలా మెట్లు ఎక్కినట్లు ఎక్కింది. మూడవ వారంలో పట్నం ఆస్పత్రికి తీసుకుపోయారు. అప్పటికే ప్రేగుకు రంధ్రం పడింది. వాడు మళ్ళీ బడికి రాలేదు.

బడి తెరిచిన తరువాత ఉపాధ్యాయులమంతా చందా వేసుకుని, తెలిసిన ఒక డాక్టరుగారిని పిలిచి పిల్లలకు టైఫాయిడ్ సూదులు వేయించాము. ఆనాడు ఆ పిల్లవాడి తల్లి కూడా వచ్చింది. ఆమె చంకలో ఏడాదిన్నర పిల్ల. "సారూ, పెద్దోడు పోయిండు. గీ సంటిదానికన్న ఎయ్యుండ్రి" అన్నది. డాక్టరుగారు తల అడ్డంగా ఊపాడు. "ఈ మందు రెండేళ్ళు నిండని పిల్లలకు పనిచేయదమ్మా" అన్నాడు.

ఆమె మా వంక ఒకసారి చూసి, కొంగు ముడి విప్పింది. అందులో మడిచిన నోట్లు ఉన్నాయి. "పైసలు నేనిస్త సారూ" అన్నది.

డబ్బు కోసం కాదని నచ్చజెప్పడానికి మాకు చాలాసేపు పట్టింది. ఎందుకు పనిచేయదు అని ఆమె అడగలేదు గాని, అడిగితే నేను సరిగా చెప్పగలిగేవాణ్ణి కాను. తరువాత చాలా పుస్తకాలు చూశాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబు.

టైఫాయిడ్ కలిగించేది కడ్డీ ఆకారంలో ఉండే ఒక సూక్ష్మక్రిమి. రోగి మలం ద్వారా బయటికి వచ్చి, నీళ్ళలోనూ తిండిలోనూ చేరి మరొకరి కడుపులోకి పోతుంది. ఈ క్రిమి మహా గడుసుది. అది ఒంటి నిండా ఒక దుప్పటి కప్పుకుంటుంది. ఆ దుప్పటి దేనితో తయారయిందనుకున్నారు? చక్కెరతో! మనం టీలో వేసుకునే చక్కెర కాదు. ఆ జాతికే చెందిన చిన్న చిన్న అణువులు వందలూ వేలూ గొలుసుగా కూడితే ఏర్పడే పదార్థం. ఫెలిక్స్, పిట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1934లో దీనిని గుర్తించి 'వి.ఐ.' అని పేరు పెట్టారు. ఈ దుప్పటి ఉన్నందువల్ల మన రక్తంలోని రక్షకభటులు క్రిమిని తొందరగా పసికట్టలేరు.

నా చిన్నతనంలో టైఫాయిడ్‌కు వేసే టీకాలో చంపిన క్రిములనే మొత్తంగా ఎక్కించేవారు. జాతరలకు ముందు బడికి వచ్చి వరుసగా నిలబెట్టి పొడిచేవారు. రెండు రోజులు చెయ్యి వాచిపోయి జ్వరం వచ్చేది. సూదివాళ్ళు వస్తున్నారంటే మేము గోడ దూకి పారిపోయేవాళ్ళం. ఆ తరువాత శాస్త్రజ్ఞులు, "క్రిమి మొత్తం ఎందుకు? దాని దుప్పటిని మాత్రం ఒలిచి శుభ్రం చేసి ఇస్తే చాలదా?" అని ఆలోచించారు. దుప్పటిని గుర్తుపట్టడం నేర్చుకున్న శరీరం రేపు అసలు దొంగ వచ్చినప్పుడు పట్టేసుకుంటుంది గదా! 1980 తరువాతి సంవత్సరాలలో నేపాలులోనూ దక్షిణాఫ్రికాలోనూ పరీక్షించి చూశారు. బాగానే పనిచేసింది. చెయ్యి వాపు కూడా తక్కువ. మా బడిలో వేయించింది ఆ మందే.

కాని దానికి రెండు లోపాలున్నాయి. మూడేళ్ళు గడిచేసరికి శరీరం ఆ పాఠం మరిచిపోతుంది. రెండేళ్ళలోపు పిల్లల శరీరమైతే పాఠం నేర్చుకోనే నేర్చుకోదు.

ఎందుకని? మన రక్తంలో 'బి' కణాలని ఒక రకం తెల్లకణాలు ఉన్నాయి. వీటిని ఊరి కావలికారులనుకోండి. ఒక్కొక్క కావలికారు ఒక్కొక్క రకం దొంగ దుస్తులను మాత్రమే ఆనవాలు పడతాడు. పట్టుకోగానే మింగుతాడు, కాస్త కేక వేస్తాడు. అయితే ఊరంతా లేచి రావాలంటే పోలీసు పటేలు ఉత్తరువు కావాలి. ఆ పటేలు వంటివే 'టి' కణాలు. చిక్కెక్కడ వచ్చిందంటే, ఈ పటేలుకు చక్కెర అంటే ఏమిటో తెలియదు. ఆయనకు ఆనవాలు తెలిసినవి మాంసకృత్తులు మాత్రమే. కావలికారు చక్కెర ముక్క తెచ్చి చూపితే, "ఇదేమిటి? నేనెరగను, పో!" అంటాడు. పెద్దవాళ్ళలో కావలికారులు పటేలు ఉత్తరువు లేకపోయినా కొంత పని జరుపుకుంటారు. పసివాళ్ళ కావలికారులకు ఇంకా అంత చేవ రాలేదు.

ఇంతవరకు చెప్పేసరికి ఏడవ తరగతి కుర్రవాడు ఒకడు చెయ్యెత్తాడు. "సార్, మరి చక్కెరనూ ఒక మాంసకృత్తునూ ఒకే సూదిలో కలిపి ఇస్తే అయిపోదా?"

నిజం చెప్పాలంటే నాకు చాలా సంతోషం వేసింది. ఈ విషయమంతటిలోనూ అడగవలసిన ప్రశ్న అదే. నేను నోటితో జవాబు చెప్పలేదు. "లేవండి, ఆట ఆడదాము" అన్నాను.

పదిమందికి తెల్ల రుమాళ్ళు కట్టాను. వాళ్ళు చక్కెర. పదిమందికి ఎర్ర రిబ్బన్లు కట్టాను. వాళ్ళు మాంసకృత్తులు. నలుగురు కావలికారులు: ఇద్దరు తెల్లవాళ్ళను మాత్రమే పట్టాలి, ఇద్దరు ఎర్రవాళ్ళను మాత్రమే పట్టాలి. ప్రశ్న అడిగిన కుర్రవాణ్ణే పటేలుగా గట్టు మీద కూర్చోబెట్టాను. వాడు ఎరుపు చూస్తేనే డప్పు కొట్టాలి. డప్పు మ్రోగితే ఆ కావలికారుకు మరో ఇద్దరు సహాయకులు చేరుతారు. డప్పంటే ఏమీ లేదు, ఒక రేకు డబ్బా.

మొదటిసారి తెల్లవాళ్ళనూ ఎర్రవాళ్ళనూ కలగలుపుగా మైదానంలోకి వదిలాను. తెల్ల కావలికారులు తెల్లవాళ్ళను పట్టి తెచ్చారు. పటేలు పెదవి విరిచాడు. ఎర్ర కావలికారులు ఎర్రవాళ్ళను తెచ్చారు. డప్పు మ్రోగింది. సహాయకులు ఎర్ర కావలికారులకు దొరికారు గాని తెల్లవాళ్ళను పట్టేవారికి ఒక్కడూ దొరకలేదు. కలిపినందువల్ల ఏమి ప్రయోజనం కలిగింది? ఏమీ లేదు.

రెండవసారి ఒక్కొక్క తెల్లవాడి చేతిని ఒక్కొక్క ఎర్రవాడి చేతికి తువ్వాలతో ముడివేశాను. తెల్ల కావలికారు తెల్లవాణ్ణి పట్టి ఈడ్చాడు. వాడితోపాటు ఎర్రవాడు కూడా ఈడ్చుకు వచ్చాడు! పటేలుకు ఎరుపు కనబడింది. డబ్బా దద్దరిల్లింది. ఈసారి సహాయకులు ఎవరికి దొరికారు? తెల్లవాణ్ణి పట్టిన కావలికారుకు. ఇంకొక క్షణంలో అరుగురు కావలికారులు తెల్లవాళ్ళ వెంట పడ్డారు. మైదానమంతా దుమ్ము లేచింది. ప్రక్క వీధి నుంచి ఎవరో వచ్చి, "ఏంది సారూ, గోల?" అన్నారు.

శరీరంలో జరిగేది అచ్చంగా ఇదే. చక్కెరను ఆనవాలు పట్టిన కావలికారే మాంసకృత్తును కూడా మింగాలి. అలా మింగాలంటే ఆ రెండూ విడదీయరాకుండా అతికి ఉండాలి. మాంసకృత్తును ముక్కలు చేసి పటేలుకు చూపి ఉత్తరువు పొందుతాడు. ఆ ఉత్తరువుతో చక్కెర మీద దండు కడతాడు. అంతేకాదు, ఒకసారి పటేలు ఉత్తరువు పడిన కేసు దస్త్రంలోకి ఎక్కుతుంది. అందుచేత శరీరం దానిని సంవత్సరాల తరబడి మరిచిపోదు.

ఇప్పుడు ఆ పిల్ల అడిగిన మాటకు వస్తాను. 'కాంజుగేట్' అనే మాటకు మూలం లాటిన్ భాషలో కాడి. మన 'యుగము' అనే సంస్కృత పదానికి కూడా కాడి అని అర్థం ఉన్నది. రెండూ ఒక తల్లి పిల్లలే. రైతు క్రొత్త కోడెకు దున్నడం ఎలా నేర్పుతాడో మీరు చూసే ఉంటారు. ట్రాక్టర్లు వచ్చిన తరువాత చూడని వాళ్ళు తాతను అడగండి. ఆ కోడెను పని తెలిసిన పాత ఎద్దుతో జతచేసి కాడి కడతాడు. ప్రక్క ప్రక్కన నడిపిస్తే చాలదు. మెడలు ఒకే కాడికి కట్టాలి.

ఈ కిటుకు క్రొత్తది కాదు. న్యూయార్క్ నగరంలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆవరీ, గోబెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1929లోనే చక్కెరలను మాంసకృత్తులకు అతికి చూశారు. న్యుమోనియా క్రిమి దుప్పటిని గుర్రపు రక్తంలోని మాంసకృత్తుకు అతికి కుందేళ్ళకు ఎక్కిస్తే, అవి ఆ దుప్పటిని ఆనవాలు పట్టడం నేర్చుకున్నాయి. ఈ ఆవరీ ఎవరనుకున్నారు? తరువాత 1944లో, వంశ లక్షణాలను మోసేది డి.ఎన్.ఏ. అని చూపిన మహానుభావుడే! అయితే ఇంతలో పెన్సిలిన్ వంటి మందులు వచ్చి, "ఇక క్రిముల పని సరి" అని లోకం అనుకోవడంవల్ల ఆవరీ అతుకు అటకెక్కింది. యాభై ఏళ్ళ తరువాత 1980లో అమెరికాలో ష్నీర్‌సన్, రాబిన్స్ అనే వైద్యులు పసివాళ్ళ మెదడువాపుకు కారణమయ్యే 'హిబ్' అనే క్రిమి విషయంలో దానిని దించి దుమ్ము దులిపారు. 1987లో ఆ టీకా అమెరికాలో వాడుకలోకి వచ్చింది.

మీకు ఒక రహస్యం చెప్పనా? ఈ వ్యాసం చదువుతున్న మీలో చాలామంది తొడలోకి ఇటువంటి కాడి ఒకటి ఇదివరకే వెళ్ళింది. ఒకటిన్నర నెల, రెండున్నర నెలలు, మూడున్నర నెలల వయసులో పసివాళ్ళకు వేసే అయిదు వ్యాధుల టీకా మన దేశంలో 2011లో తమిళనాడు, కేరళలలో మొదలై, క్రమంగా తక్కిన రాష్ట్రాలకు వచ్చింది. ఆ అయిదింటిలో హిబ్ ఒకటి. అమ్మను మీ టీకాల కార్డు అడిగి చూడండి.

సరే, ఈ అతుకు ఎలా వేస్తారు? జిగురుతో కాదు. రసాయనశాస్త్రంలో ప్రతి అణువుకూ చేతులున్నట్లు ఊహించుకోవచ్చు. టైఫాయిడ్ దుప్పటి గొలుసు పొడుగునా 'ఆమ్లం' చేతులుంటాయి. మాంసకృత్తు మీద 'అమైన్' చేతులుంటాయి. ఇవి ఒకదానినొకటి పట్టుకోగలవు గాని, ఊరికే నీళ్ళలో పడవేస్తే పట్టుకోవు. మధ్యన ఒక పెళ్ళిళ్ళ పేరయ్య కావాలి. కార్బోడైఇమైడ్ అనే పదార్థం ఆ పని చేస్తుంది. అది ముందు ఆమ్లం చేతిని పట్టుకుని ఉత్సాహపరుస్తుంది. అమైన్ చెయ్యి దగ్గరికి రాగానే రెండు చేతులూ కలిపి, తాను తప్పుకుంటుంది. పెళ్ళి అయిన తరువాత పేరయ్య ఇంట్లో ఉండడు గదా! తయారీ పూర్తి అయ్యేటప్పటికి దానిని కడిగి తీసివేస్తారు.

ఇక్కడ మరొక ఇబ్బంది ఉన్నది. చక్కెర గొలుసూ పొడవైనదే, మాంసకృత్తూ లావైనదే. రెండు పెద్ద ఎద్దులను పొట్టి కాడికి కడితే ఏమవుతుంది? కొమ్ములు తగులుకుంటాయి. అందుచేత చాలామంది తయారీదారులు మధ్యన ఒక చిన్న పుల్ల వంటి అణువును ఉంచుతారు. వీటిలో పేరు మోసినది అడిపిక్ డైహైడ్రజైడ్. నోరు తిరగడం లేదా? నాకూ మొదట తిరగలేదు. ఆరు కర్బన పరమాణువుల కడ్డీ, రెండు చివర్లా చెరొక చెయ్యి, అంతే. ఒక చేతితో చక్కెరను, మరొక చేతితో మాంసకృత్తును పట్టుకుని తాను మధ్యన శాశ్వతంగా ఉండిపోతుంది. నైలాన్ దారం తయారు చేసేది కూడా ఈ అడిపిక్ ఆమ్లంతోనే. మీ పుస్తకాల సంచికి నైలాన్ పట్టీ ఉంటే, ఈ టీకాకు అది దూరపు చుట్టమన్నమాట. ఈ పుల్ల లేకుండా నేరుగా అతికే పద్ధతులు కూడా ఉన్నాయి.

జత కట్టే పాత ఎద్దుగా దేనిని ఎన్నుకోవాలి? ధనుర్వాతపు విషాన్ని హాని లేకుండా చేసిన 'టెటనస్ టాక్సాయిడ్' ఒకటి. ముల్లు గుచ్చుకుంటే మీకు వేసే సూదిలోనిదే అది. డిఫ్తీరియా విషాన్ని పోలి ఉండి, ఏ హానీ చేయని మరొక మాంసకృత్తు కూడా వాడుకలో ఉన్నది.

ఇక లెక్కలు. టైఫాయిడ్ కాడి టీకా ఒక మోతాదు అర మిల్లీలీటరు. అందులో ఉండే చక్కెర దుప్పటి 25 మైక్రోగ్రాములు. ఒక గ్రాములో 10 లక్షల మైక్రోగ్రాములు. అంటే ఒక్క గ్రాము దుప్పటితో ఎంతమంది పిల్లలకు టీకా వేయవచ్చు? భాగించి చూసుకోండి. 40,000 మందికి!

అమెరికా ప్రభుత్వ పరిశోధనాలయంలో తయారైన ఒక టైఫాయిడ్ కాడి టీకాను వియత్నాంలో రెండు నుంచి అయిదేళ్ళ పిల్లల మీద పరీక్షించి, నూటికి తొంభైమందికి పైగా రక్షణ కలిగినట్లు 2001లో ప్రకటించారు. అయితే పరీక్ష వేరు, బజారులో సీసా వేరు. ఆ సీసా చివరకు మన ముంగిట్లోనే తయారయింది. హైదరాబాదుకు ఉత్తరాన శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో 1996లో స్థాపించిన భారత్ బయోటెక్ సంస్థ, దుప్పటిని టెటనస్ టాక్సాయిడ్‌కు అతికి 'టైప్‌బార్ టి.సి.వి.' అనే టీకాను తయారు చేసింది. 2013లో మన దేశంలో దానికి అనుమతి వచ్చింది. ఆరు నెలలు నిండిన పసివాళ్ళకు కూడా వేయవచ్చు!

అనుమతి వచ్చినంత మాత్రాన లోకం నమ్మదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో నూరుమందికి పైగా పెద్దవాళ్ళు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి, కొందరు ఈ టీకా వేయించుకుని, కొందరు వేయించుకోకుండా, బ్రతికి ఉన్న టైఫాయిడ్ క్రిములు కలిపిన నీళ్ళు త్రాగారు! డాక్టర్లు ప్రక్కనే ఉండి, జ్వరం రాగానే మందులిచ్చి నయం చేశారనుకోండి. అయినా ఆ గుండె నిబ్బరాన్ని మెచ్చుకోవాలి. మీరు మాత్రం ఇటువంటి ప్రయోగాలు చేయకండి. 2017లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. అదే సంవత్సరం చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాను తన ఆమోదపు జాబితాలో చేర్చింది. 2019లో నేపాలు నుంచి, 2021లో ఆఫ్రికాలోని మలావీ నుంచి వచ్చిన ఫలితాలు రెండూ ఒకేలా ఉన్నాయి: టీకా వేయని పిల్లలతో పోలిస్తే, వేసిన పిల్లలలో టైఫాయిడ్ నూటికి ఎనభై పాళ్ళు తగ్గింది. 1953 నుంచి హైదరాబాదులో ఉన్న బయొలాజికల్ ఇ. సంస్థ డిఫ్తీరియా జాతి మాంసకృత్తుతో మరొక టైఫాయిడ్ కాడి టీకా చేసింది. అది 2020లో ఆ జాబితాకు ఎక్కింది.

ఇప్పుడొక చిత్రం చెబుతాను. ప్రపంచంలో హైదరాబాదులు రెండున్నాయి. రెండవది పాకిస్తానులో, సింధు రాష్ట్రంలో ఉన్నది. 2016 నవంబరులో ఆ హైదరాబాదులో ఒక భయంకరమైన టైఫాయిడ్ బయలుదేరింది. క్లోరాంఫెనికాల్ మొదలుకొని వరుసగా అయిదు జాతుల మందులు దానిని ఏమీ చేయలేకపోయాయి. డాక్టర్ల చేతిలో మిగిలినవి ఒకటి రెండు మందులే. అప్పుడు ఏ టీకా అక్కడికి వెళ్ళిందో తెలుసా? మన హైదరాబాదులో తయారైనదే! 2019 నవంబరులో సింధులో 90 లక్షలమందికి పైగా పిల్లలకు వేశారు. దేశవ్యాప్తమైన పిల్లల టీకాల పట్టికలో దీనిని చేర్చిన మొదటి దేశం పాకిస్తాను. సరిహద్దులో ఎన్ని తగాదాలున్నా ఒక హైదరాబాదు పిల్లలకు మరొక హైదరాబాదు మందు చేరింది.

ఇదంతా విని ఒక పిల్లవాడు, "సార్, 2021ల మా తాతకు బ్లాక్ ఫంగస్ వస్తే కోఠి ఆస్పత్రిల ఇచ్చిన సూది కూడా గిట్ల అతికిందేనా? దానికోసం మా నాయిన హైదరాబాదంతా తిరిగిండు" అన్నాడు.

కాదు. అది అతుకు కాదు, మూట. ఆ మందు పేరు ఆంఫోటెరిసిన్. దక్షిణ అమెరికాలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1950 తరువాత దానిని తీశారు. బూజు జాతి క్రిములను అది చంపుతుంది. అయితే మన మూత్రపిండాలను కూడా చెరుపుతుంది. ఇచ్చేటప్పుడు రోగి చలితో గజగజ వణికిపోతాడు. దొంగతోపాటు ఇంటివాణ్ణి కూడా కొట్టే కావలివాడు అన్నమాట.

దీనికి ఉపాయం క్రొవ్వులో దొరికింది. ఒక గ్లాసు నీళ్ళలో నువ్వులనూనె చుక్కలు వేయండి. పైన తేలుతాయి. ఎంత కలిపినా మళ్ళీ విడిపోతాయి. ఇప్పుడు నాయనమ్మ తల అంటడానికి తీసే కుంకుడు రసం కాస్త పోసి గిలకొట్టండి. నీళ్ళు పాలవలె తెల్లబడి, నూనె చాలాసేపటి వరకు విడిపోదు. కుంకుడు రసంలోని అణువులకు ఒక కొస నీళ్ళంటే ఇష్టం, మరొక కొస నూనె అంటే ఇష్టం. అవి నూనె బొట్టును చుట్టుముట్టి పట్టుకుంటాయి. గుడ్డు పచ్చసొనలోనూ, సోయాగింజలలోనూ ఉండే ఒక రకం క్రొవ్వులకు కూడా ఇటువంటి రెండు స్వభావాలూ ఉన్నాయి. వీటిని నీళ్ళలో వేస్తే జంట వరుసలుగా నిలబడి, బోలుగా ఉండే బుడగలవుతాయి. బాంగమ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1960 తరువాతి సంవత్సరాలలో వీటిని వర్ణించాడు. వీటి పేరు లైపోసోములు. మందు బుడగలు వెంట్రుక మందంలో వెయ్యవ వంతు ఉంటాయి. ఆంఫోటెరిసిన్ ఆ బుడగ గోడలో ఇమిడి కూర్చుంటుంది. దారిలో మూత్రపిండాల జోలికి అంతగా పోదు. బూజు కణం తగలగానే ఆ కణపు గోడ దానికి మరింత నచ్చి అందులోకి మారుతుంది. మందు మారలేదు, మూట మారింది. ఆ మూట కట్టిన మందే 2021లో కొరత వచ్చి మీ నాన్నను అంతగా త్రిప్పింది.

కరోనాకు 2020 చివర వచ్చిన కొన్ని విదేశీ టీకాలలో సున్నితమైన ఎం.ఆర్.ఎన్.ఏ. పోగులను ఇటువంటి క్రొవ్వు మూటలోనే పెట్టి పంపారు. ఆ మూట కట్టడానికి నాలుగు రకాల క్రొవ్వులు కావలసి వచ్చాయి. వాటిలో ఒకదానికి నీళ్ళను ఇష్టపడే పొడవాటి తోక ఒకటి అతికి ఉంటుంది. అక్కడ అతుకూ మూటా రెండూ కలిశాయి. మన హైదరాబాదులో సి.సి.ఎం.బి. వారు 2022లో ఎం.ఆర్.ఎన్.ఏ. టీకా పద్ధతిని స్వదేశంలోనే రూపొందించినట్లు ప్రకటించారు. తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లో రసాయన శాస్త్రజ్ఞులు ఇటువంటి క్రొవ్వులను క్రొత్తగా తయారు చేసే పని చాలా ఏళ్ళుగా చేశారు. రసాయనశాస్త్రం అంటే భయపడే పిల్లలు ఆ వీధుల వైపు ఒకసారి పోయి రండి.

టీకా ఉన్నది గదా అని నీళ్ళు కాచడం మానకూడదు. నూటికి ఎనభై అంటే నూటికి నూరు కాదు. మా నల్లగొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తుకు వస్తుంది. ఫ్లోరైడు ఎంత కాచినా పోదు; టైఫాయిడ్ క్రిమి నీళ్ళు తెర్లితే చస్తుంది. ఈ తేడా తెలియక, "మా నీళ్ళు కాచినా లాభం లేదు" అనే పెద్దలను నేను ఎందరినో చూశాను.

కొంగు ముడి విప్పిన ఆ తల్లి ఇప్పుడు ముసలిదయింది. పని కోసం వలసపోవడం మానేసింది. ఏడాదిన్నర నాటి ఆ చంటిపిల్ల పెరిగి పెద్దదై, పెండ్లి చేసుకుని, తనే ఒక బిడ్డకు తల్లి అయింది. క్రిందటి నెలలో దేవరకొండ బస్టాండులో ముసలామె నన్ను గుర్తుపట్టి నిలబడ్డది. మాటల మధ్యన, ఇప్పుడు పసిపిల్లలకు పనిచేసే సూది వచ్చిందని చెప్పాను.

"ఎన్నడొచ్చింది సారూ?" అన్నది.

"2013లో."

ఆమె వ్రేళ్ళు మడుస్తూ లెక్క పెట్టుకున్నది. "పద్నాలుగేండ్లు" అన్నది. కొంచెంసేపు బస్సుల వైపు చూసింది. తరువాత, "మనుమరాలికి ఎనిమిదో నెల నడుస్తున్నది. పిల్లల డాక్టరుకు ఏమని చెప్పాలె? జెర ఆ పేరు రాసియ్యుండ్రి" అన్నది.

జేబులో ఉన్న టికెట్టు వెనుక పెద్ద అక్షరాలతో 'టైఫాయిడ్ కాంజుగేట్ టీకా' అని రాసి ఇచ్చాను. ఆమె దానిని నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడివేసుకున్నది.